వార్తల్లో పదం: పీటీజెడ్ పరీక్ష

మూర్ఛకు ఫలానా ఆకు సారం పనిచేసిందన్న వార్తల్లో తరచూ కనిపించే పేరిది. పీటీజెడ్ అంటే పెంటిలీన్‌టెట్రజోల్. మెదడు ఉద్రేకాన్ని అదుపులో ఉంచే గాబా వ్యవస్థను ఈ రసాయనం అడ్డుకుంటుంది. ఎక్కిస్తే ఎలుకలకు ఫిట్స్ వస్తాయి. అంతకుముందే కొన్ని ఎలుకలకు మొక్క సారం, కొన్నిటికి డయాజెపామ్ వంటి తెలిసిన మందు ఇస్తారు. మరో గుంపుకు ఏ మందూ ఇవ్వరు. ఫిట్స్ ఎంత ఆలస్యంగా వచ్చాయో, ఎన్ని బతికాయో పోల్చి చూస్తారు.

దీనికి జోడుగా చేసేది విద్యుత్ షాక్ పరీక్ష. 1938లో పరిశోధకులు మెరిట్, పుట్నమ్ పిల్లుల మీద ఆ పద్ధతిలోనే ఫెనిటాయిన్ మందుకు ఫిట్స్ ఆపే గుణం ఉందని కనుగొన్నారు.

ఎలుకల్లో నెగ్గినంత మాత్రాన మందు అయిపోదు. సారంలో పనిచేసే పదార్థమేదో, మోతాదెంతో, విషగుణం ఉందో లేదో తేలాలి. ఆపైన మనుషులపై పరీక్షలు. గంజాయి మొక్కలోని కానబిడియాల్ ఆ మెట్లెక్కాకే 2018లో అమెరికాలో అనుమతి పొందింది, అదీ రెండు అరుదైన రకాల మూర్ఛకే. లెవెటిరాసెటామ్ అనే మూర్ఛ మందుది తలకిందుల కథ: ఈ రెండు పరీక్షల్లోనూ తప్పినా రోగులకు పనిచేసింది.

సోలాపూర్ నేతపేటల్లో మరమగ్గం నడిపే మనిషికి పనిలో ఒక్క ఫిట్ వచ్చినా ప్రమాదమే. ఇలాంటి వార్త చదివి మాత్రలు మానకూడదు. మూలికలు వాడుతుంటే డాక్టరుకు చెప్పాలి. కొన్ని మూలికలు మాత్రల ప్రభావాన్ని మార్చేస్తాయి.