తిండి మానేసిన చేపకు ఎర: అమెరికా పెద్ద నదుల్లో బెండు వేట ఎలా సాగుతుంది?

అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో లూయిస్టన్ పట్టణం దగ్గర క్లియర్‌వాటర్ నది స్నేక్ నదిలో కలుస్తుంది. నది దారిన చూస్తే సముద్రం అక్కడికి దాదాపు 750 కిలోమీటర్లు. అంత దూరం ఎదురీది వచ్చే స్టీల్‌హెడ్ చేపల కోసం చలికాలంలో గట్ల మీద, పడవల్లో జనం గాలాలు వేసుకుని నిలబడతారు. వాళ్ల చూపంతా నీటి మీద తేలుతూ పోయే ఒక నారింజ రంగు బెండు మీదే ఉంటుంది.

చెరువులో బెండు వేయడం మనకు తెలిసిన పనే. ఎర వేసి కూర్చుంటే ఆకలేసిన చేప వచ్చి కొరుకుతుంది, బెండు మునుగుతుంది. ఇక్కడి చిక్కు వేరు. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదిలోకి వచ్చిన సాల్మన్ దాదాపుగా తిండి మానేస్తుంది. ఒంట్లో నిల్వ ఉన్న కొవ్వుతోనే మిగతా ప్రయాణం పూర్తి చేస్తుంది. స్టీల్‌హెడ్ కూడా ఈ దశలో తినేది తక్కువే. అయినా ఎరను నోట కరుస్తాయి. సముద్రానికి వెళ్లకముందు, పిల్లలుగా ఉన్నప్పుడు, ఇవి ప్రవాహంలో కొట్టుకొచ్చే పురుగుల్ని పట్టుకుని పెరిగినవే. ఆ అలవాటే మళ్లీ మేల్కొంటుందని కొందరు, తన చోటికి వచ్చినదాన్ని తరిమే కోపమని మరికొందరు వేటగాళ్లు చెబుతారు. కారణం ఏదైనా, ఆకలి లేని చేప ఎర కోసం దూరం ఈదదు. ఎరే దాని ముక్కు ముందుకు రావాలి.

మన దగ్గర ఈ పోలికకు దగ్గరగా ఉండేది పులస. అది కూడా సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదుతుంది. కానీ పులస నీటిలోని సూక్ష్మజీవుల్ని వడకట్టుకుని తినే జాతి. అందుకే దాన్ని వలలతోనే పడతారు, ఎరతో మభ్యపెట్టే వీలుండదు.

పెద్ద నదిలో ఎరను చేప ముందుకు చేర్చడం చెప్పినంత తేలిక కాదు. నది అడుగున రాళ్ల ఒరిపిడి వల్ల నీరు నెమ్మదిగా కదులుతుంది, పైన వేగంగా పోతుంది. చేపలు సాధారణంగా శక్తి కూడదీసుకోవడానికి ఆ నెమ్మది నీటిలో, అడుగుకు దగ్గరగా ఉంటాయి. పై నీటి వేగంతో బెండు పరుగెత్తితే కింద ఎరను కూడా లాక్కుపోతుంది. చేప కంటికి అది సహజంగా కొట్టుకొచ్చే మేతలా కనిపించదు. కాబట్టి బెండు వేటలో అసలు నైపుణ్యం విసరడంలో కన్నా, ఎరను అడుగు నీటి వేగంతో నడిపించడంలో ఉంది.

సరంజామా కూడా ఈ అవసరం నుంచే పుట్టింది. నాలుగైదు మీటర్ల లోతున్న చోట బెండును దారానికి గట్టిగా బిగిస్తే, అంత పొడవు వేలాడే దారాన్ని విసరడమే కుదరదు. అందుకే జారే బెండు వాడతారు. కావలసిన లోతుకు కొలిచి దారం మీద చిన్న ముడి వేస్తారు, దాని కింద ఒక పూస, ఆ కింద బెండు. విసిరేటప్పుడు బెండు కిందికి జారి బరువు దగ్గర ఉంటుంది. నీళ్లలో పడ్డాక సీసం బరువు దారాన్ని లాక్కుంటూ దిగుతుంది, ముడి వచ్చి పూసకు తగలగానే ఆగుతుంది. ఎర అడుగుకు ఒకటి రెండు అడుగుల ఎత్తులో వేలాడితే సరిపోతుంది. రంగు పట్టించి ఊరబెట్టిన చేప జెన, రొయ్యలు, ఈకలు కట్టిన జిగ్ అనే బరువు గాలం ఎక్కువగా వాడే ఎరలు.

ఆ తర్వాత బెండు ఒక కొలమానంగా పనిచేస్తుంది. అది పదేపదే తడబడుతూ ముందుకు వాలితే బరువు రాళ్లకు రాసుకుంటోందని, ముడిని కాస్త కిందికి జరపాలని అర్థం. ఎప్పుడూ ఏమీ తగలకుండా సాఫీగా పోతుంటే ఎర మరీ పైన ఉందేమో చూసుకోవాలి. బెండుకీ కర్రకీ మధ్య దారం ప్రవాహంలో విల్లులా వంగితే బెండును ఈడ్చుకుపోతుంది. అందుకే మధ్యమధ్యలో దారాన్ని లేపి ఎగువ వైపు వేస్తుంటారు. నీటి మీద తేలే అల్లిక దారం వాడేది ఇందుకే. పడవలో ఉన్నవాళ్లకు ఇంకో సౌలభ్యం ఉంది. పడవనూ బెండునూ ఒకే వేగంతో దిగువకు వదిలితే ఎర వందల మీటర్లు ఆగకుండా సాగుతుంది. గట్టు మీద నిలబడ్డవాడికి ఆ అదృష్టం లేదు.

ఐడహో స్టీల్‌హెడ్ వేసవి, శరత్కాలాల్లో నదిలోకి వచ్చి, చలికాలమంతా లోతైన మడుగుల్లో గడిపి, వసంతంలో గుడ్లు పెడుతుంది. చల్లటి నీటిలో మందకొడిగా ఉన్న ఈ చేపకు నిదానంగా వచ్చే బెండు ఎర బాగా పనిచేస్తుంది. అలా బాగా పనిచేయడంలోనే ఇంకో సమస్య మొదలవుతుంది.

ఈ చేప లూయిస్టన్ చేరేలోపు బోనవిల్ మొదలుకుని లోయర్ గ్రానైట్ దాకా 8 డ్యాములు దాటాలి. చేపల మెట్లు ఉన్నా, నష్టం తప్పడం లేదు. క్లియర్‌వాటర్ ఉత్తర పాయ మీద 1970ల మొదట్లో కట్టిన డ్వోర్‌షాక్ డ్యాముకు ఆ మెట్లు కూడా లేవు. ఎగువన గుడ్లు పెట్టే చోట్లన్నీ మూసుకుపోయాయి. ఆ నష్టానికి బదులుగా ప్రభుత్వం కింద హేచరీ పెట్టి పిల్లల్ని పెంచి వదులుతోంది. స్నేక్ నదిలో సహజంగా పుట్టే స్టీల్‌హెడ్‌ను 1997లో ముప్పు పొంచి ఉన్న జాతిగా చట్టం కింద చేర్చారు.

నీటి అడుగున బెండు రెండింటినీ ఒకేలా పిలుస్తుంది, తేడా చేప చేతికి వచ్చాకే తెలుస్తుంది. వేట కోసం పెంచిన హేచరీ పిల్లలకు వీపు మీద తోక దగ్గర ఉండే చిన్న మెత్తటి రెక్కను ముందే కత్తిరిస్తారు. ఆ రెక్క లేని స్టీల్‌హెడ్‌ను ఇంటికి తీసుకెళ్లవచ్చు. రెక్క ఉంటే వెంటనే నీళ్లలో వదిలేయాలి. బెండు మునగగానే కర్ర ఎత్తితే గాలం సాధారణంగా దవడ అంచున గుచ్చుకుంటుంది. ఆలస్యం చేస్తే ఎర లోపలికి పోయి మొప్పలు చీలవచ్చు. అలాంటి చేపను వదిలినా బతకడం కష్టం. పక్కనున్న వాషింగ్టన్ రాష్ట్రంలో, వదిలేయాల్సిన స్టీల్‌హెడ్‌ను నీటిలోంచి పూర్తిగా పైకి తీయడం కూడా నిషేధం. రెండు చేతుల్లో చేపను ఎత్తి ఫొటో దిగే సరదాకు ఆ నియమం బొత్తిగా నచ్చదు గానీ, చేపకు మాత్రం ఊపిరి నీళ్లలోనే ఉంది.

ఐదు రకాల పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టాక చచ్చిపోతాయి. స్టీల్‌హెడ్ మాత్రం తిరిగి సముద్రానికి వెళ్లి మళ్లీ రాగలదు. అయితే అలసిన ఒంటితో ఆ 8 డ్యాములనూ వెనక్కి దాటగలిగేవి కొద్ది.

లోయర్ గ్రానైట్ మెట్లు ఎక్కే చేపల్ని కిటికీ వెనక కూర్చుని లెక్కపెడతారు. ఎగువన ఆ ఏడు ఎంత వేటకు వీలుందో ఆ లెక్కను చూసే తేలుస్తారు. 2019 శరత్కాలంలో హేచరీలో తర్వాతి తరానికి సరిపడా పెద్ద చేపలు కూడా తిరిగి రావేమోనన్న భయంతో క్లియర్‌వాటర్‌లో స్టీల్‌హెడ్ వేటను సీజన్ మధ్యలోనే ఆపేశారు.