కొలిచి తొడగవలసిన మేజోడు

హైదరాబాదునకు ఉత్తరమున గుండ్లపోచంపల్లిలో దుస్తుల ఎగుమతి పార్కు కలదు. దుస్తుల కర్మాగారములలో మిషను ముందు కూర్చుండి కుట్టువారు కొందరు. కత్తిరింపు బల్లకడనో, ఇస్త్రీ బల్లకడనో దినమెల్ల నిలుచుండి పనిచేయువారు మరికొందరు. ఇట్లు నిలుచుండువారు ఉపాధ్యాయులలోను, రక్షకభటులలోను, వంటవారిలోను కలరు. సాయంకాలము ఇల్లు చేరునప్పటికి కాళ్ళు బరువెక్కును; చీలమండలు వాచును; చెప్పులు బిగుతగును. అలసటయే గదా అని సరిపెట్టుకొందురు. తెల్లవారునప్పటికి వాపు తీయును. మరల సాయంకాలమునకు వచ్చును. కొన్నేండ్లకు పిక్కలపై నీలపు త్రాళ్ళవంటి ఉబ్బులు కానవచ్చును.

వీనిని చూచి మనవారు “నరాలు ఉబ్బినవి” అందురు. అవి నరములు కావు, సిరలు. రక్తమును గుండెకు మరల చేర్చు గొట్టములు. పాదమునుండి రక్తము పైకెక్కుటకు పిక్కలోని కండరము ముఖ్యాధారము. మనము నడచునప్పుడు అది ముడుచుకొని సిరలను పిండును. పైకెక్కిన రక్తము జారిపోకుండ సిరలలో చిన్న కవాటములు కలవు. పాదువా విశ్వవిద్యాలయమునందలి ఫాబ్రీషియస్ పండితుడు 1603లో వీనిని వర్ణించెను. వీని ప్రయోజనము ఆయన శిష్యుడైన విలియం హార్వే 1628లో రక్తప్రసరణమును నిరూపించినప్పుడు తేటపడెను.

వీథిలోని బోరింగును తలచుకొనుడు. లోపలి వాషరు అరిగినచో ఎంత కొట్టినను నీరు క్రిందికే జారును. సిరలోని కవాటము చెడినను అంతియే. కదలక నిలుచున్నప్పుడు చీలమండకడ సిరలలోని ఒత్తిడి పాదరసపు కొలతలో ఇంచుమించు 80, 90 మిల్లీమీటర్లుండును. ఆరోగ్యవంతుడు నడచినచో అది 30 వరకు దిగును. కవాటములు చెడినవానికి అంతగా దిగదు. అందువలన నీరు కండలోనికి ఊరును. చర్మము నల్లబడి దురద పుట్టును. తుదకు చీలమండ లోపలి ప్రక్కన నెలల తరబడి మానని పుండు పడవచ్చును.

ఈ బాధనే అనుభవించిన కాన్రాడ్ జాబ్‌స్ట్ అను అమెరికా ఇంజనీరు, ఈతకొలనులో నిలుచున్నప్పుడు తన కాళ్ళకు హాయి కలుగుట గమనించెను. నీటి ఒత్తిడి అడుగున హెచ్చు, పైకి పోయిన కొలది తక్కువ. ఆ క్రమమునే అనుసరించి 1950 ప్రాంతమున ఆయన మేజోడు తయారుచేసెను. నేటి వైద్యపు మేజోడు కూడ చీలమండకడ గట్టిగాను, మోకాలివైపు క్రమముగ వదులుగాను పట్టును. వెడల్పైన సిరలను అది కుదించును. అందుచే రక్తము నిలిచిపోక సాగిపోవును.

కనుక ఇది కేవలము వస్త్రము కాదు, మందు. దీని మోతాదు ఒత్తిడియే. 15 నుండి 20 మిల్లీమీటర్లది తేలిక; 20 నుండి 30 మధ్యమము; 30 నుండి 40 గట్టిది. ఏది తగునో వైద్యుడు నిర్ణయింపవలెను. కాలు వాయకముందే, ఉదయమున, చీలమండ చుట్టుకొలతయు పిక్క చుట్టుకొలతయు తీయించి కొనవలెను. ఇంటిలో ఒకరికి కొన్నది మరియొకరు తొడుగరాదు.

ముఖ్యముగ హెచ్చరింపవలసిన సంగతి యొకటి కలదు. రక్తమును పాదమునకు తెచ్చు ధమనులు పూడిన కాలికి ఈ మేజోడు హాని చేయును. అసలే కొరవడిన రక్తమును ఇంకను అడ్డగించును. చిరకాలముగ మధుమేహమున్నవారు, బీడీ, చుట్ట, సిగరెట్టు త్రాగువారు, కొంతదూరము నడువగనే పిక్క పట్టివేసి నిలిచినంతనే తగ్గువారు, మొదట పాదమందలి నాడిని వైద్యునిచే పరీక్ష చేయించుకొనవలెను. చేతియందును చీలమండయందును రక్తపు పోటును కొలిచి పోల్చినచో నిజము తెలియును. గుండె, మూత్రపిండముల జబ్బులవలనను కాళ్ళు వాచును. ఒక కాలు మాత్రమే హఠాత్తుగ వాచి నొప్పి పుట్టినచో లోపలి సిరలో రక్తము గడ్డకట్టియుండవచ్చును. దానితో ఆయాసము కూడ కలిగినచో క్షణమైనను ఆలసింపక ఆసుపత్రి చేరవలెను.

మేజోడును ఉదయము మంచముపై నుండగనే తొడుగవలెను. రాత్రి పరుండునప్పుడు తీయవలెను. మడమ వరకు లోపలివైపు వెలికి త్రిప్పి, పాదమును దూర్చి, కొంచెము కొంచెముగ పైకి లాగుడు. పట్టీలు, మెట్టెలు ముందుగ తీయుడు. లేనిచో నేత చిరుగును. ముడుతలుండరాదు, పై అంచును మడువరాదు, మడిచినచో అది త్రాడువలె బిగియును. వ్రేళ్ళు నీలమైనను, తిమ్మిరెక్కినను, నొప్పి హెచ్చినను వెంటనే తీసివేయుడు. తేలిక సబ్బుతో ఉతికి నీడన ఆరవేయుడు. నిత్యము వాడినచో ఇంచుమించు ఆరు నెలలకు దాని పట్టు సడలును.

మన ఎండలలో దీనిని ధరించుట సులభము కాదు. అందరికిని తొడవరకు అవసరము లేదు. పెక్కురకు మోకాలి వరకే చాలును. ఉబ్బిన సిరలను ఇది మాన్పదు. బరువును, వాపును తగ్గించును. సిరలవలన పడిన పుండు మానుటకు తోడ్పడును. తొడిగినను పిక్కకు పని తప్పదు. బల్లకడ నిలుచుండియే మడమలెత్తి దింపుడు. వీలైనప్పుడు నాలుగడుగులు నడువుడు. ఇల్లు చేరి కాళ్ళను దిండుపై ఎత్తి పెట్టుకొనుడు. ఇంటికొరకు దినమెల్ల నిలుచుండు మనిషి కాళ్ళను సాయంకాలము ఒకసారి చూచుట ఇంటివారి విధి.