ఎత్తు చెప్పే చరిత్ర

జీతాల లెక్కలు సరిగా దొరకని కాలంలో సామాన్యులు ఎలా బతికారో తెలిసేదెలా? ఆర్థిక చరిత్రకారులు సైన్యంలో చేరినవారి కొలతల రిజిస్టర్లు తిరగేస్తారు.

ఒక మనిషి పొడుగు ఎక్కువగా తల్లిదండ్రుల పోలికే. కానీ వేలమంది సగటు తీస్తే బయటపడేది వేరు: పసితనంలో దొరికిన తిండి, సోకిన జబ్బులు, చేసిన చాకిరీ. పదేపదే విరేచనాలయ్యే బిడ్డకు తిన్నది ఒంటబట్టదు, ఎదుగుదల కుంటుపడుతుంది.

19వ శతాబ్దం మధ్యలో డచ్ యువకుల సగటు ఎత్తు 165 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉండేది. 1996లో పుట్టిన డచ్ మగవారి సగటు 182 దాటింది. 19వ శతాబ్దంలోనే అమెరికాలో మరో వింత జరిగింది. 1830 తర్వాత కొన్ని దశాబ్దాలు దేశాదాయం పెరుగుతూ వచ్చినా, అప్పుడు పుట్టినవారి ఎత్తు తగ్గింది. కిక్కిరిసిన పట్టణాలు, అంటురోగాలు, పేదలకు అందకుండా పోయిన మాంసం, పాలు ఇందుకు కారణాలని పరిశోధకులు అంటారు. 1993లో నోబెల్ అందుకున్న రాబర్ట్ ఫోగెల్ ఈ పరిశోధనకు బాట వేసినవారిలో ఒకరు.

ఇలాంటి రికార్డుల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. మద్రాసు రేవులో నాటాల్, ఫిజీ చెరకు తోటలకు ఓడెక్కిన కూలీల పాసులో తండ్రి పేరు, కులం, ఊరు, పుట్టుమచ్చలతో పాటు ఎత్తును అడుగులు, అంగుళాల్లో రాసేవారు. చదువురాని ఆ పేదల బాల్యానికి మిగిలిన అరుదైన ఆధారం ఆ అంకె.

ఈ కొలత నేటికీ అవసరమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మందికి వయసుకు తగ్గ ఎత్తు లేదు. అంగన్‌వాడీల్లో బరువుతో పాటు ఎత్తూ కొలిచేది అందుకే.