పూర్తికాని ఆటను ముందే ఎందుకు విడుదల చేస్తారు?

ఒకరో కొద్దిమందో కలిసి, పెద్ద కంపెనీల అండ లేకుండా తయారుచేసే వీడియో గేములను ఇండీ గేమ్స్ అంటారు. వీటిని తయారుచేసేవారిలో చాలామంది తమ ఆట పూర్తికాకముందే దాని తొలి రూపాన్ని, అంటే ఎర్లీ బిల్డ్‌ను, ఆటగాళ్లకు ఇస్తారు. ఎందుకు? ఆటలో ఏది ఎక్కడుందో తయారుచేసినవారికి ముందే తెలుసు. కొత్తవాళ్లు ఎక్కడ తికమకపడతారో వాళ్లు ఆడితేనే బయటపడుతుంది.

ప్లేడేట్ అనే గేమ్ కన్సోల్ కోసం చేసే ఆటలు దీనికి మంచి ఉదాహరణ. అమెరికాకు చెందిన ప్యానిక్ సంస్థ 2022లో విడుదల చేసిన ఈ పసుపుపచ్చని కన్సోల్ అరచేతిలో ఇమిడిపోతుంది. పక్కన గిర్రున తిప్పే పిడి ఉంటుంది. తెరపై 400×240 చుక్కలుంటాయి. ప్రతి చుక్కా నలుపో, తెలుపో. బూడిద రంగు కూడా ఉండదు.

మరి ఈ కన్సోల్ కోసం చేసే ఆట తొలి రూపం విడుదల ఎలా? తయారీకి కావలసిన సాఫ్ట్‌వేర్‌ను సంస్థ ఉచితంగానే ఇస్తుంది. లువా లేదా సీ భాషలో కోడ్ రాసి, ముందు కంప్యూటర్‌లోని సిమ్యులేటర్‌లో నడిపిస్తారు. అక్కడ చకచకా సాగిన ఆట అసలు కన్సోల్‌లో నత్తనడక నడవచ్చు. దాని మెమరీ 16 మెగాబైట్లే. తెర వెనుక లైటు ఉండదు కనుక సన్నని అక్షరాలు మసక వెలుతురులో కనిపించకపోవచ్చు. అందుకే అసలు పరికరంలో పరీక్షించడం తప్పనిసరి.

తర్వాత బిల్డ్‌కు 0.1 వంటి సంఖ్య ఇచ్చి, ఇచ్.ఐఓ వంటి వేదికలో పెడతారు. ఆటగాళ్లు దాన్ని దించుకుని, కేబుల్‌తోనో తమ ప్లేడేట్ ఖాతా ద్వారానో కన్సోల్‌లోకి ఎక్కించుకుంటారు. ప్యానిక్ సొంత దుకాణం కేటలాగ్‌లో మాత్రం సంస్థ ఎంపిక చేసిన ఆటలే ఉంటాయి.

ఏది పూర్తయిందో, ఏది కాలేదో బిల్డ్‌తోపాటే రాసి పెట్టాలి. అప్పుడే ఆటగాళ్ల సలహాలు పనికొస్తాయి.