బస్సు రొదను మింగే హెడ్‌ఫోన్

తొమ్మిదో తరగతిలో ధ్వని పాఠం నడుస్తుండగా ఒక అమ్మాయి లేచి అడిగింది: "సార్, మా అన్నయ్య హెడ్‌ఫోన్ పెట్టుకుంటే బస్సు చప్పుడు వినపడదంట. అందులోంచి ఇంకో చప్పుడు వచ్చి దాన్ని ఆపేస్తదంట. చప్పుడుకి చప్పుడు కలిస్తే పెరగాలి గదండీ, తగ్గుద్దేంటి?"

నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్ అనే యంత్రమంతా ఆ ప్రశ్నకి జవాబే. కొనబోయేవాళ్లు ఏది చూడాలో, అట్టపెట్టె మీద ఏ మాట నమ్మాలో కూడా ఆ జవాబులోనే తెలుస్తుంది.

మా తిరువూరుకి రైలు లేదు. మైలవరం మీదుగా బెజవాడ వెళ్లాలన్నా, పెనుబల్లి దాటి ఖమ్మం వైపో భద్రాచలమో వెళ్లాలన్నా బస్సే దిక్కు. దారి పొడుగునా చెవిలో ఇంజిన్ రొద. ఆ రొదకి ఒక లెక్క ఉంది. ఆరు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ డీజిల్ ఇంజిన్ ఒక చుట్టు తిరిగేలోగా మూడు సిలిండర్లలో ఇంధనం మండుతుంది. నిమిషానికి 1,800 చుట్లంటే సెకనుకి 30. మూడుతో గుణిస్తే సెకనుకి 90 పేలుళ్లు. మనకి వినిపించే 90 హెర్ట్జ్ మోత అదే. ఇప్పటి ఏటీఆర్ ప్రయాణికుల విమానాలకి ఆరు రెక్కల ప్రొపెల్లర్లుంటాయి. నిలకడగా ఎగిరేటప్పుడు అవి నిమిషానికి వెయ్యి చుట్లకి కాస్త తక్కువగా తిరుగుతాయి. లెక్క కట్టి చూడండి, అదీ వంద హెర్ట్జ్ దగ్గరికే వస్తుంది. బస్సెక్కినా విమానమెక్కినా మనల్ని అలసటకి గురిచేసేది ఈ బరువైన, ఒకే తీరుగా సాగే మోత. ఈ హెడ్‌ఫోన్ పుట్టింది దాని కోసమే.

శబ్దమంటే గాలిలో ఒత్తిడి పెరగడం, తగ్గడం, మళ్లీ పెరగడం. పెరిగే వేళకి తగ్గించే ఒత్తిడిని, తగ్గే వేళకి పెంచే ఒత్తిడిని అంతే మోతాదులో కలిపితే మిగిలేది మామూలు గాలి. ఊగుతున్న ఉయ్యాలని అది మన వైపు వచ్చేటప్పుడు ఎదురు తోస్తే ఆగుతుంది. అదే తోపు, అంతే బలంతో, వేళ తప్పి వెనక నుంచి పడితే ఊపు పెరుగుతుంది. ఆగడానికీ పెరగడానికీ తేడా బలంలో లేదు, వేళలో ఉంది. ఆ అమ్మాయి చెప్పిందీ నిజమే. రెండు చప్పుళ్లు కలిస్తే పెరగొచ్చు. తగ్గాలంటే వేళ కుదరాలి.

హెడ్‌ఫోన్ కప్పు లోపల ఇది ఎలా జరుగుతుందో చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. చెవికీ కప్పుకీ మధ్య ఓ చిన్న గాలి గది ఉంటుంది. ఇంజిన్ మోత కప్పు గోడల్లోంచి, మెత్తటి దిండు అంచుల్లోంచి లోపలికి చొరబడుతుంది. గదిలో ఒత్తిడి పెరగబోతుంది. సరిగ్గా ఆ క్షణాన స్పీకర్ పొర వెనక్కి జరుగుతుంది, వచ్చిన గాలికి చోటు ఇస్తుంది. బయట ఒత్తిడి తగ్గి లోపలి గాలి పల్చబడబోతే పొర ముందుకి జరిగి ఆ కొరత తీరుస్తుంది. సెకనుకి 90 సార్లు ఈ ముందుకూ వెనక్కూ. చెవిలోని కర్ణభేరికి మాత్రం ఒత్తిడి మారినట్టే తెలియదు. హెడ్‌ఫోన్ గట్టిగా మోగి మోతను అణిచేస్తుందని చాలామంది అనుకుంటారు. అది చేసే పని ఒదిగి దారి ఇవ్వడం. ఇంజిన్ పంపిన శక్తి ఎక్కడికీ మాయం కాదు, బస్సంతా మోత అలాగే ఉంటుంది. చెవి ముందున్న ఆ చిన్న గదిలో మాత్రం దాని ఆట సాగదు.

ఇక వేళ సంగతి. హెడ్‌ఫోన్‌లోని చిప్పు సెకనులో పదివేలో వంతు ఆలస్యం చేసిందనుకుందాం. 90 హెర్ట్జ్ మోతకి ఒక ఊపు పూర్తవడానికి 11 మిల్లీసెకన్లు పడుతుంది. అందులో ఈ ఆలస్యం నూటికి ఒక వంతు కూడా లేదు. మోతలో దాదాపు పద్దెనిమిదో వంతే మిగులుతుంది. అదే ఆలస్యాన్ని 4,000 హెర్ట్జ్ శబ్దానికి చూడండి. మాటల్లో 'స', 'ష' అక్షరాల బుసలు ఆ ప్రాంతంలోనివే. అక్కడ ఒక ఊపుకి పట్టేది సెకనులో నాలుగు వేలో వంతు. పదివేలో వంతు ఆలస్యమంటే దాదాపు సగం ఊపు దాటిపోయింది. రద్దు చేయడానికి పంపిన శబ్దం అసలు శబ్దంతో చేయి కలిపి దాన్ని ఇంచుమించు రెట్టింపు చేస్తుంది. లాభం నష్టంగా మారే గీత ఊపులో ఆరో వంతు దగ్గర ఉంది. ఈ ఆలస్యానికి ఆ గీత 1,600 హెర్ట్జ్ పైన ఎక్కడో పడుతుంది. అందుకే తయారీదారులు వెయ్యి హెర్ట్జ్ చుట్టుపక్కల నుంచే ఎదురు శబ్దాన్ని తగ్గించుకుంటూ వచ్చి, ఆ పైదంతా దిండ్లకి వదిలేస్తారు. పై స్థాయి శబ్దాలు మెత్తటి దిండుకీ ఇయర్‌బడ్స్ రబ్బరు బుడిపెకీ తేలిగ్గా లొంగుతాయి, బరువు మోతలు లొంగవు. రెండూ పని పంచుకుంటాయి.

ఈ ఆలోచన జర్మనీకి చెందిన పాల్ లూయెగ్‌ది. 1933లో దరఖాస్తు పెట్టాడు, 1936లో అమెరికా పేటెంటు వచ్చింది. ఆయన పేటెంటు బొమ్మలో ఒక గొట్టం, దాని మొదట మైకు, కాస్త ముందర స్పీకరు ఉంటాయి. గొట్టంలో శబ్దం మీటరు నడవడానికి మూడు మిల్లీసెకన్లు తీసుకుంటుంది. తీగలో విద్యుత్తుకి ఆ దూరం లెక్కలోకే రాదు. శబ్దం రాకముందే దాని కబురు అందుతుంది, ఎదురు శబ్దం సిద్ధం చేసుకోవచ్చు. శబ్దం నిదానం, విద్యుత్తు వేగం అన్న ఒక్క తేడా మీద ఆయన మొత్తం నిర్మాణం నిలబెట్టాడు. నన్నడిగితే గత శతాబ్దపు అందమైన ఊహల్లో అదొకటి. అయితే ఆనాటి వాల్వులతో నమ్మకంగా పనిచేసే యంత్రం కట్టడం కుదరలేదు.

హెడ్‌ఫోన్‌లో గొట్టం లేదు. కప్పు బయటి మైకు నుంచి చెవికి రెండు మూడు సెంటీమీటర్లే. ఆ దూరం దాటడానికి శబ్దానికి సెకనులో పదివేలో వంతు కూడా పట్టదు. ఆ కాస్త వ్యవధిలోనే వినాలి, లెక్క వేయాలి, పొరను కదపాలి. ఇది ఒక పద్ధతి. రెండోది మైకును కప్పు లోపల, స్పీకర్ పక్కనే పెట్టడం. చెవికి చేరబోతున్నదేమిటో అది వింటుంది, మిగిలిపోయిన మోతను ఎప్పటికప్పుడు సరిచేస్తుంది. లోపలి మైకుకి పాట కూడా వినిపిస్తుంది కదా, దాన్నీ మోతనుకుని చెరిపేయదా? చెరిపేయదు. పాట ఏమిటో సర్క్యూట్‌కి ముందే తెలుసు, విన్నదాంట్లోంచి దాన్ని తీసేసి మిగతాది మాత్రమే మోతగా లెక్కేస్తుంది. ఈ పద్ధతిలో చిక్కల్లా, వేళ తప్పితే కూత మొదలవుతుంది. మైకు, స్పీకరు ఎదురెదురుగా పెడితే సభల్లో వచ్చే కూత అదే.

లోపలి మైకు దారి పట్టినవాడు అమర్ బోస్. తండ్రి బెంగాల్ నుంచి అమెరికా వెళ్లిన స్వాతంత్ర్య సమర యోధుడు. కొడుకు ఎంఐటీలో ప్రొఫెసరుగా పనిచేశాడు. 1978లో జ్యూరిక్ నుంచి బోస్టన్ వెళ్తూ విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఇంజిన్ రొదలో పాట వినబడలేదు. విమానం దిగేలోపే కాగితం మీద లెక్కలు వేశాడు. అటు జర్మనీలో సెన్‌హైజర్ కంపెనీ పైలట్ల చెవులు కాపాడాలని అదే పనిలో దిగింది. 1986లో ఆగకుండా భూమి చుట్టి వచ్చిన వాయేజర్ విమానంలో బోస్ కంపెనీ నమూనాలు ఎగిరాయి. 1987లో సెన్‌హైజర్ తన హెడ్‌సెట్ చూపించింది, 1989లో బోస్ హెడ్‌సెట్ అమ్మకానికొచ్చింది. ప్రయాణికుల కోసం బోస్ క్వైట్‌కంఫర్ట్ 2000లో, సోనీ డిజిటల్ హెడ్‌ఫోన్ 2008లో, యాపిల్ ఎయిర్‌పాడ్స్ ప్రో 2019లో. ఇప్పుడు రెండు మూడు వేల రూపాయల ఇయర్‌బడ్స్‌లోనూ ఈ చిప్పు ఉంది.

మరి ఎక్స్‌ప్రెస్ బస్సులో కూర్చుని స్విచ్ నొక్కితే ఏమవుతుంది? ఇంజిన్ మోత ఒక్కసారిగా కిందికి దిగిపోతుంది. ఆ వెంటనే కిటికీ అద్దాల గలగల, కండక్టర్ టిక్కెట్టు మిషన్ కిర్రుమనడం, వెనక సీటు మాటలు మునుపటికంటే స్పష్టంగా వినిపిస్తాయి. హెడ్‌ఫోన్ చెడిపోలేదు. బరువైన మోత తనకంటే పై స్థాయి శబ్దాలను చెవికి తెలియకుండా కప్పేస్తుంది, ఆ కప్పు ఇప్పుడు తొలగింది. కిటికీ తెరిచి ఉంటే మాత్రం ఇబ్బందే. గాలి నేరుగా బయటి మైకుకి కొట్టుకుంటే చిప్పు దాన్ని శబ్దమనుకుంటుంది, చెవి దగ్గర లేని మోతకి ఎదురు శబ్దం తయారుచేస్తుంది. ఫటఫటమని కొత్త రొద పుడుతుంది. అద్దం వేసుకోవాలి, లేదా గాలి కోసం ఇచ్చిన ప్రత్యేక మోడ్ పెట్టుకోవాలి.

ఇక కొనడం. మొదట చూడాల్సింది చెవికి అమరిక. అంచున సందు ఉంటే గాలి గదే ఉండదు, పొర ఎంత ఆడినా లాభం లేదు. కళ్లజోడు కాడ, పెద్ద కమ్మలు దిండును ఎత్తిపట్టేస్తాయి. ఇయర్‌బడ్స్ అయితే పెట్టెలో ఇచ్చిన బుడిపెలన్నీ పెట్టి చూడండి. తబలా, డప్పు బాగా వినిపించే పాట వేయండి. డప్పు పేలవంగా ఉంటే బుడిపె సైజు తప్పిందన్నమాట. మా ఎండల్లో చెవిని మూసే దిండ్లకి చెమట పడుతుంది. పగటి బస్సుకి ఇయర్‌బడ్స్ నయం, రాత్రి ప్రయాణానికీ విమానానికీ పెద్ద కప్పులు సుఖం.

పెట్టె మీద ఈఎన్‌సీ అని మాత్రమే ఉంటే ఆగండి. అది మీరు ఫోన్లో మాట్లాడేటప్పుడు అవతలివాళ్లకి మీ చుట్టూ ఉన్న చప్పుడు తగ్గిస్తుంది, మీ చెవికి దానితో పని లేదు. ఇంతసేపూ చెప్పుకున్న పని చేసేది ఏఎన్‌సీ, మీకు కావలసింది అదే. బయటా లోపలా మైకులున్నవాటిని హైబ్రిడ్ అంటారు, డబ్బు చాలితే అవే మేలు. "30 డెసిబెల్స్" లాంటి అంకె, బాగా తగ్గిన ఏదో ఒక స్థాయిలో కొలిచింది కావచ్చు. ప్రతి శబ్దమూ అంత తగ్గుతుందని కాదు. దుకాణంలో జనరేటర్ దగ్గరో ఏసీ బయటి యూనిట్ దగ్గరో నిలబడి పరీక్షిస్తే నిజం తెలుస్తుంది. సినిమాలకైతే తీగ పెట్టుకునే రంధ్రం ఉన్నది తీసుకోండి. బ్లూటూత్‌లో పెదాలకీ మాటకీ ఎడం వస్తే తీగ ఆదుకుంటుంది, విమానం సీటు తెరకీ పనికొస్తుంది. రోడ్డు మీద నడిచేటప్పుడు, బండి నడిపేటప్పుడు మాత్రం చెవులు ఖాళీగా ఉండాలి.

నేను దీన్ని పిల్లలకి సిఫారసు చేసేది హాయి కోసం ఒక్కటే కాదు. బస్సు మోతను దాటి వినాలని వాల్యూమ్ పెంచుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, 90 అయితే నాలుగు గంటలే. అంటే తిరువూరు నుంచి బెజవాడకి ఒక రానూపోనూ ప్రయాణంతో వారం వాటా అయిపోతుంది. అందుకే ఏ హెడ్‌ఫోన్ కొన్నా కదులుతున్న బస్సులో ఒకే పాట రెండుసార్లు వినండి, స్విచ్ వేయకుండా ఒకసారి, వేసి ఒకసారి. రెండోసారి వాల్యూమ్ బాగా తగ్గించినా పాట హాయిగా వినిపిస్తే, పెట్టిన డబ్బుకి న్యాయం జరిగినట్టే.