మంత్రగాళ్ల పేర్లు: ఇంగ్లిషు పదాలలో అర్థపరిణామం

విద్యార్థులారా! అర్థసంకోచం, అర్థగ్రామ్యత అనే మార్పులను తెలుగు ఉదాహరణలతో ఇదివరకే చదివారు. వేదం తెలిసినవాడు అనే అర్థం గల ‘ఛాందసుడు’ నేడు పాత ఆచారాలను పట్టుకు వేలాడేవాణ్ణి సూచిస్తోంది కదా! ఇటువంటి మార్పులనే ఇంగ్లిషులో మాంత్రికులకున్న పాత పేర్లలో పరిశీలిద్దాం.

1. విచ్: ప్రాచీన ఇంగ్లిషులో (సుమారు 450–1100) ‘విచ్చా’ అంటే మంత్రగాడు, ‘విచ్చె’ అంటే మంత్రగత్తె. కాలక్రమంలో పదాంతంలోని అచ్చులు బలహీనపడి లోపించాయి. రెండు పదాలూ ‘విచ్’ అనే ఒకే రూపంలో కలిసిపోయాయి. చాలాకాలం ఆ మాట పురుషులకూ చెల్లింది. తరవాత ప్రధానంగా స్త్రీకే పరిమితమైంది. ఇది అర్థసంకోచం. జ్ఞానం కలవారనే అర్థం గల ‘వైజ్’ నుంచి ఈ పదం పుట్టిందని ఒక ప్రచారం ఉంది. ధ్వనిమార్పుల క్రమం దానిని సమర్థించదు.

2. విజర్డ్: ‘వైజ్’ నుంచి నిజంగా పుట్టిన పదం ఇది. 15వ శతాబ్దంలో దీనికి ‘జ్ఞాని’ అని అర్థం. 16వ శతాబ్దంలో ‘మాంత్రికుడు’ అనే అర్థం వచ్చింది. చివరనున్న ప్రత్యయాన్ని గమనించండి. డ్రంకర్డ్ (తాగుబోతు), కవర్డ్ (పిరికివాడు) అనే మాటల్లోనూ అదే ఉంది. అందువల్ల ‘జ్ఞాని’ అన్నప్పుడు కూడా అందులో తరచు ఎగతాళి ధ్వనించేది.

3. వార్లాక్: దీని పాత రూపంలో మొదటి భాగానికి ఒడంబడిక అని, రెండో భాగానికి అబద్ధమాడేవాడు అని అర్థం. అంటే మాట తప్పిన ద్రోహి. సైతానునూ ఇలాగే పిలిచారు. మాంత్రికుడనే అర్థం తరవాత స్కాట్లండు వాడుకలో స్థిరపడింది.

4. లుప్తమైన పదాలు: పెదవులు గుండ్రంగా ఉంచి ‘డ్రీ’ అని పలికే మాటకు మాంత్రికుడని అర్థం. ఐర్లండు డ్రూయిడ్ల పేరు నుంచి వచ్చిన ఆ పదం నేటి వాడుకలో లేదు. ‘గాల్డర్’ అంటే పాట, మంత్రం కూడా. పాడటం అనే దాని ధాతువు మాత్రం ‘నైటింగేల్’ పిట్ట పేరు చివర నేటికీ బతికే ఉంది.

ఈ పేర్లు నిఘంటువుకే పరిమితం కాలేదు. ఇంగ్లండులో 1563, 1604 చట్టాల కింద ‘విచ్’ అనే ముద్ర ప్రాణాలు తీయగలిగింది. నిందితులలో ఎక్కువమంది స్త్రీలు. 1735 చట్టం ఆ శిక్షలను రద్దుచేసి, మంత్రశక్తి ఉందని నటించడాన్ని మాత్రమే నేరంగా పరిగణించింది. కాబట్టి అనువదించేటప్పుడు ‘విచ్’ కనబడగానే ‘మంత్రగత్తె’ అని రాయకండి. ముందు ఆ రచన ఏ కాలానిదో చూడండి. అక్కడ ఉన్నది పురుషుడు కావచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. ‘విచ్’ పదంలో అర్థసంకోచాన్ని వివరించండి.
2. ‘విజర్డ్’, ‘ఛాందసుడు’ పదాల అర్థపరిణామాన్ని పోల్చండి.