విదేశములో నర్సు విద్య – యజమాని పూచీ

మొగల్తూరు చుట్టుపట్ల గ్రామములలో వీసా అను మాటకు అర్థము చెప్పవలసిన పని లేదు. నరసాపురము, పాలకొల్లు ప్రాంతములనుండియు, గోదావరికి ఆవలనున్న కోనసీమనుండియు ఇంటిపనికై కువైటు మొదలగు దేశములకు వెళ్ళిన స్త్రీలు ఎందరో ఉన్నారు. ఆ కుటుంబములలో కఫీలు అను అరబ్బీ మాట మన సొంత మాటవలెనే చెల్లుచున్నది. కఫీలు అనగా పూచీదారు. ఆ దేశమున మనిషి నిలిచియుండుటకు అతడే పూచీ; అతని కొలువు వదలినచో నివాసపు అనుమతియు వదలిపోవును. ఇటీవల మన ఇండ్లలో దీనికి తోబుట్టువువంటి మాట మరియొకటి వినవచ్చుచున్నది. అది స్పాన్సరు. కూతురిని నర్సింగు చదువునకు ఆస్ట్రేలియా పంపదలచిన తండ్రి, "చదువు అవగానే అక్కడి ఆసుపత్రివాళ్ళే స్పాన్సరు చేస్తారట, పి.ఆర్. కూడా వాళ్ళే ఇప్పిస్తారట" అని బంధువులతో చెప్పుకొనుచుండును. పి.ఆర్. అనగా ఆ దేశమున శాశ్వతముగా నివసించు హక్కు. ఈ "అట"లలో నిలుచునది ఎంత, నిలువనిది ఎంత అని విచారించుటయే ఈ ప్రసంగము యొక్క పని.

పరుల పూచీమీద సముద్రము దాటుట మన సీమకు క్రొత్త కాదు. రెండవ ప్రపంచ యుద్ధమునకు పూర్వము గోదావరి, విశాఖ మండలముల కూలీలు స్టీమరెక్కి రంగూను వెళ్ళెడివారు. మేస్త్రీ ముందుగా బయానా ఇచ్చి తీసికొనిపోయి, ఆ బాకీని వారి కూలిలో మినహాయించుకొనెడివాడు. బర్మాలో మనవారికి కోరంగి రేవు పేరిట కొరంగీలను పేరే స్థిరపడెను. మేస్త్రీ, కఫీలు, స్పాన్సరు ఒకటియే అని మేము అనుట లేదు. ఆస్ట్రేలియాలో స్పాన్సరు చేయు యజమానిని చట్టము గట్టిగనే కట్టివేసినది. ఐనను మూడింటికిని సామాన్యమైనది ఒకటి కలదు. కాలి క్రింది నేల మరియొకరి సంతకముపై ఆధారపడియుండును. ఆ సంతకము ఎప్పుడు అవసరమగునో, ఎప్పుడు అక్కరలేదో ఎరుగుట మేలు.

మొగల్తూరులో ఇంటరు ముగించిన బాలిక ఒకతె ఉన్నదనుకొందము. తండ్రికి రెండెకరముల చేపల చెరువు. దానిని తాకట్టు పెట్టి చదివింపదలచినాడు. ఆస్ట్రేలియాలో రిజిస్టర్డు నర్సు కావలెనన్న సాధారణముగా మూడేండ్ల పట్టా చదువు చదువవలయును. ఆ చదువు అచ్చటి నర్సింగు, మిడ్‌వైఫరీ బోర్డు ఆమోదించినదై యుండవలయును. విద్యార్థి వీసా దరఖాస్తు రుసుము 2025 జూలై 1 నుండి 2,000 ఆస్ట్రేలియా డాలర్లు. వీసా నిరాకరింపబడినను ఆ సొమ్ము తిరిగి రాదు. ఇదిగాక, 2024 మే నెలలో చేసిన నియమము ప్రకారము ఒక యేటి జీవనవ్యయమునకు 29,710 డాలర్లు ఉన్నట్లు చూపవలయును. కళాశాల ఫీజు వేరు.

చదువుచు సంపాదించి అప్పు తీర్చునని తండ్రి తలంచవచ్చును. తరగతులు నడచు కాలమున విద్యార్థి రెండు వారములకు 48 గంటలకు మించి పని చేయరాదు. నర్సింగు విద్యార్థికి మరియొక చిక్కు కలదు. పట్టా పొందుటకు కనీసము 800 గంటలు ఆసుపత్రులలో, వృద్ధాశ్రమములలో శిక్షణ పొందవలయును. ఆ గంటలకు జీతము లేదు. ఆ వారములలో ఉదయము శిక్షణకు, రాత్రి జీతపు పనికి పోవుట అందరికిని సాధ్యము కాదు. 2025 జూలై నుండి ఆస్ట్రేలియా ప్రభుత్వము శిక్షణాకాలమున నర్సింగు విద్యార్థులకు భృతి ఇచ్చుట ప్రారంభించినది గాని అది ఆ దేశపు విద్యార్థులకే, విదేశీయులకు వర్తింపదు. కావున కూతురు మొదటి నెల నుండియే డబ్బు పంపునను లెక్క కాగితముమీదనే బాగుండును.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయకతప్పదు. నర్సింగు అను ఒక్క మాట క్రింద మన కన్సల్టెన్సీలు పెక్కు చదువులను అమ్ముచుండును. వృద్ధుల సేవకు సంబంధించిన సర్టిఫికెట్టు చదువు వేరు, ఎన్‌రోల్డు నర్సు డిప్లొమా వేరు, రిజిస్టర్డు నర్సు పట్టా వేరు. తెల్ల దుస్తులు చూచి మనము అందరిని నర్సమ్మలనియే పిలుతుము. వలస శాఖవారు మాత్రము ఒక్కొక్కరిని ఒక్కొక్క పద్దులో వ్రాసికొందురు. ఏ పద్దులో పడినదను దానినిబట్టియే తరువాతి తలుపులు తెరచుకొనుట, మూసికొనుట జరుగును.

సరే, మన బాలిక పట్టా పొందినది, బోర్డులో రిజిస్టరైనది. ఇప్పుడు వెంటనే స్పాన్సరు కావలయునా? అక్కరలేదు. ఆస్ట్రేలియాలో చదివిన విద్యార్థులకు చదువనంతరపు తాత్కాలిక వీసా ఒకటి కలదు. పట్టభద్రులకు సాధారణముగా రెండేండ్లు. 2024 జూలై నుండి వయోపరిమితి 35 ఏండ్లు. ఈ రెండేండ్లు ఆమె తన ఇష్టమువచ్చిన యజమాని వద్ద పని చేయవచ్చును, మానవచ్చును. యజమాని సంతకముతో నిమిత్తము లేని కాలమిది. మా దృష్టిలో ఈ రెండేండ్లే కీలకము. అనుభవము గడించుటకు, ఆసుపత్రుల మంచి చెడ్డలు గ్రహించుటకు, ఎవరి పూచీ కోరవచ్చునో తెలిసికొనుటకు ఇదియే అదను. ఏడాది అనుభవము ఈ దశలోనే చేతికి వచ్చును. తరువాతి వీసాకు కావలసినదియు అదియే.

ఆ తరువాతిదే యజమాని పూచీతో వచ్చు వీసా. వలస శాఖవారి లెక్కలో దాని సంఖ్య 482. 2024 డిసెంబరు 7వ తేదీన దీనిని పునర్వ్యవస్థీకరించిరి. యజమాని మొదట ప్రభుత్వ ఆమోదము పొందవలయును. పిదప ఫలానా ఉద్యోగమునకు ఫలానా వ్యక్తిని నామినేటు చేయవలయును. అదే పనిచేయు ఆస్ట్రేలియా జాతీయునికంటె తక్కువ జీతమియ్యరాదు. ప్రభుత్వమునకు శిక్షణ నిధి లెవీ చెల్లింపవలయును: సంస్థ పరిమాణమునుబట్టి ఏటికి 1,200 లేక 1,800 డాలర్లు. ఈ లెవీని ఉద్యోగిచేత కట్టించుట నిషిద్ధము.

ఆమోదముపొందిన యజమాని వద్ద రెండేండ్లు పనిచేసినవారిని శాశ్వత నివాసమునకు నామినేటు చేయవచ్చును. ఆ వీసా సంఖ్య 186. సాధారణముగా 45 ఏండ్లు నిండకముందే దరఖాస్తు చేయవలయును. ఇచ్చటనే మన తండ్రులు పొరబడుచున్నారు. రెండేండ్లు నిండినంతనే హక్కు దానంతట అది వచ్చునని వారి నమ్మకము. అట్లు రాదు. నామినేటు చేయవచ్చునని చట్టము చెప్పినది గాని, చేసితీరవలెనని యజమానిని నిర్బంధింపలేదు. మొదటి సంతకము చేసినవాడు రెండవ సంతకము చేయకపోవచ్చును. అందుకు మరల లెవీ కలదు, ఈ పర్యాయము ఒక్కసారిగా 3,000 లేక 5,000 డాలర్లు. ఆసుపత్రి చేతులు మారవచ్చును, పెద్ద నర్సు మారవచ్చును, ఖర్చు తగ్గించుకొనవలెనని యాజమాన్యము తలంపవచ్చును. కావున నియామకపు పత్రముపై సంతకము చేయుటకు ముందే శాశ్వత నామినేషను సంగతి వ్రాతపూర్వకముగా అడిగి తెలిసికొనవలయును. నోటిమాట చాలదు.

మరి యజమానితో పొసగనిచో ఏమి గతి? పూర్వము కొలువు మానిన నర్సునకు 60 రోజుల గడువే ఉండెడిది. 2024 జూలై 1 నుండి దానిని పెంచిరి. ఒక్కొక్క పర్యాయము 180 రోజుల వరకు, వీసా కాలమంతటిలో మొత్తము 365 రోజుల వరకు ఆమె క్రొత్త యజమానిని వెదకుకొనవచ్చును; ఆలోగా పనియు చేసికొనవచ్చును. 2024 డిసెంబరు మార్పుతో, యజమాని మారినను ఆమోదముపొందిన వారి వద్ద పనిచేసిన కాలమంతయు ఆ రెండేండ్లలో కలియును. కఫీలు ఇల్లు దాటుటకు భయపడిన మన స్త్రీల అనుభవమునకును దీనికిని గల భేదమిదియే. అయితే ఈ సంగతి తెలియని నర్సు కఫీలు ఇంటిలోనున్నట్లే అణగి మణగి ఉండును. చట్టము వదలిన త్రాడును ఆమె తానే మెడకు తగిలించుకొనును.

పూచీకి వెల కట్టుట మరియొక దుర్మార్గము. "ఇన్ని లక్షలిస్తే స్పాన్సర్‌షిప్ మా పూచీ" అను బేరములు మన పట్టణములలోను, అచ్చటి మన సంఘములలోను వినబడుచున్నవి. 2015 డిసెంబరు నుండి ఆస్ట్రేలియా చట్టము దీనిని నిషేధించినది. పుచ్చుకొన్న యజమానికి శిక్ష. ఇచ్చిన వారికిని జరిమానా పడవచ్చును, వీసా రద్దు కావచ్చును. అనగా మోసపోయిన పిల్ల ఫిర్యాదు చేయబోయి తానే జంకవలసివచ్చును.

ఇంతకును యజమాని తలుపు ఒక్కటియే గలదని అనుకొనరాదు. వయస్సు, విద్య, ఆంగ్లభాష, అనుభవములకు మార్కులు వేసి పిలుచు శాశ్వత వీసాలు కలవు. వానిలో యజమానితో పని లేదు. రాష్ట్ర ప్రభుత్వములు తమకు కావలసిన వృత్తులవారిని ఎంచుకొనునవి కొన్ని, పెద్ద నగరములకు దూరపు ప్రాంతములలో మూడేండ్లు పనిచేసినవారికి శాశ్వత హక్కునకు దారి చూపునవి కొన్ని. నర్సులు ఆ దేశమున కొరతగానున్నవారు గనుక ఈ దారి వారికి ఉపయోగపడుచుండును. ఎంపిక నిశ్చయము కాదు. ఐనను ఒకరి దయమీద ఆధారపడినదియు కాదు.

ఇతర దేశముల మాట క్లుప్తముగా చెప్పుదుము. బ్రిటనులో 2020 నుండి ఆరోగ్య, సేవారంగ వీసా అమలులో ఉన్నది. నర్సునకు అచ్చటను యజమాని ధ్రువపత్రము కావలయును. వృద్ధుల సేవకులుగా విదేశములనుండి క్రొత్తవారిని రప్పించుటను మాత్రము 2025 జూలై 22న నిలిపివేసిరి. అమెరికాలో శాశ్వత వీసాకు ఆసుపత్రి దరఖాస్తు పెట్టినను, జన్మించిన దేశమునుబట్టి వరుసలో నిలువవలయును. 2025లో పెక్కు నెలలు మనదేశపు వరుసలో 2013 నాటి దరఖాస్తులే పరిశీలనకు వచ్చుచుండెను. మొగల్తూరులో పుట్టినందుకు పన్నెండేండ్ల నిరీక్షణ!

మనదేశపు చట్టమునుగూర్చియు ఒక మాట. 1983 నాటి ఎమిగ్రేషను చట్టము క్రింద విదేశీ ఉద్యోగములకు మనుష్యులను పంపు ఏజెంటు రిజిస్టరు కావలయును. గల్ఫు మొదలగు 18 దేశములకు నర్సులను పంపుటను 2015లో కేంద్రప్రభుత్వము మరింత కట్టుదిట్టము చేసి, ప్రభుత్వ సంస్థల ద్వారా జరుగునట్లు ఏర్పాటు చేసినది. విద్యార్థి వీసాపై వెళ్ళు పిల్ల ఈ చట్టము కంటికి ఉద్యోగార్థి కాదు, విద్యార్థి. ఆమెను పంపు కన్సల్టెన్సీకి ఆ రిజిస్ట్రేషనుతో పని లేదు. ఇంటిపనికి కువైటు వెళ్ళు తల్లికి ఉన్న పాటి కాపుదలయైనను చదువునకు వెళ్ళు కూతురికి లేకపోవుట విచిత్రము.

ఇచ్చటనే నాలుగేండ్ల బి.ఎస్సీ. నర్సింగు చదివి, పిదప వెళ్ళుట మరియొక మార్గము. అట్టివారికి ఆస్ట్రేలియా బోర్డు 2020 మార్చి నుండి పరీక్షా పద్ధతి ప్రవేశపెట్టినది. మొదట వ్రాతపరీక్ష, తరువాత రోగివద్ద చేయు పనులలో ప్రత్యక్ష పరీక్ష. రెండవదానికి ఆస్ట్రేలియా వెళ్ళవలయును. చేపల చెరువు తాకట్టు పెట్టదలచిన తండ్రి ఈ రెండు దారుల ఖర్చును ఒకే కాగితముమీద ప్రక్కప్రక్కన వ్రాసికొని చూడవలయునని మా సలహా. విదేశపు చదువే ఎంచుకొన్నచో, ఆమోదించిన చదువుల పట్టికను బోర్డువారు ఇంటర్నెట్టులో అందరికిని ఉచితముగా చూపుచున్నారు. కన్సల్టెన్సీ చెప్పిన కళాశాల పేరును, చదువు పేరును అక్షరము తప్పకుండ అందులో వెదకి చూడవచ్చును. ఆ పని అమ్మాయియే, తన చేతి ఫోనులో, బయానా చెల్లింపకముందు చేయవలయును.